గట్టిమేళానికి సర్వహక్కులూ వారివే

నాలుగు నెలల కిందట మా అమ్మాయి పెళ్లి చేశాను. అది నేను చేసిన పెళ్లి కాదనీ, గానగోమేధికం ఆడియో సంస్థవారి సొత్తనీ కిందటి నెలలో తేలింది. ముప్పై ఎనిమిదేళ్లుగా పెళ్లిళ్ల మీదే బతుకుతున్నవాణ్ణి. పిలవని పెళ్లికొచ్చి రెండు బంతుల్లో కూర్చుని తిన్నవాళ్లను చూశాను. పాత చెప్పులతో వచ్చి కొత్త చెప్పులతో పోయినవాళ్లను చూశాను. పెళ్లికి పెళ్లినే చంకన పెట్టుకుపోయినవాళ్లను చూడటం మాత్రం ఇదే మొదలు.

నా పేరు మద్దిరాల కోటిలింగం. సన్నాయి వాయిస్తాను. డోలు మా బావమరిది పేరయ్య. డోలు ఎక్కడ ఆపాలో వాడికి తెలిసినంతగా మా జిల్లాలో ఇంకొకడికి తెలియదు. నోరు ఎక్కడ ఆపాలో మాత్రం వాడికి ఎవరూ నేర్పలేదు.

మా వృత్తి మొత్తానికి ప్రాణం గట్టిమేళం. తాళి కట్టే అరనిమిషం ముందు పురోహితుడు చేయెత్తి ఆ మాట అంటాడు. అంతవరకూ పద్ధతిగా రాగాలు తీసినవాళ్లం, ఆ మాట వినగానే రాగమూ తాళమూ పక్కనపెట్టి ఊపిరున్నంతవరకూ వాయిస్తాం. ఎందుకంటే ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ పాడు మాటా పీటల మీదవాళ్ల చెవిన పడకూడదు. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని ఉత్త చప్పుడంటారు. అననీండి. ఆ చప్పుడు వినపడితే వంటశాలలో గరిటె తిప్పేవాడు కూడా చేయి దులుపుకుని అక్షింతలు వెతుక్కుంటాడు.

మా హిమబిందు పెళ్లికి నేను కన్యాదాతని. పట్టుపంచె కట్టుకుని బుద్ధిగా పీట మీద కూర్చోవాలి. సన్నాయి మా గుంపులో రెండోవాడు సీతాపతికి అప్పగించాను. కూర్చున్నాను కూడా. కానీ పురోహితుడు చేయెత్తగానే నాకేమైందో తెలియదు. లేచిపోయి సీతాపతి చేతిలోంచి సన్నాయి లాక్కున్నాను. కూతురి మెడలో తాళి పడుతుంటే ఇంకొకడి ఊపిరి ఎందుకు ఖర్చుకావాలి? పంచె జారిపోతుంటే మా ఆవిడ తులసమ్మ వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. అదంతా వీడియోలో ఉంది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

అమ్మాయి స్టాఫ్ నర్సు. ఉద్యోగం మన్యంలో, ఘాట్ రోడ్డు పైన ఉన్న ఒక ఆసుపత్రిలో. అల్లుడు వంశీధర్‌ది మా ఊరి కరెంటు సబ్‌స్టేషన్లో ఆపరేటరు పని. మధ్యలో మూడు బస్సులు, పదకొండు గంటల ప్రయాణం. అప్పటికి మూడు నెలల్లో మొగుడూ పెళ్లాం కలిసి ఉన్నది తొమ్మిది రోజులు. ఈ ఏడాది బదిలీలు పెట్టారనీ, భార్యాభర్తల్ని ఒకచోట వేస్తారనీ, పద్దెనిమిదో తేదీన కౌన్సెలింగ్‌కి వివాహ ధ్రువపత్రం పట్టుకెళ్లాలనీ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు తప్పితే మళ్లీ బదిలీలు ఎప్పుడో దేవుడికీ ప్రభుత్వానికీ తెలియాలి. అప్పటికి పద్నాలుగు రోజుల గడువుంది. కాగితమే కదా, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తెస్తానన్నాను.

సబ్ రిజిస్ట్రారు పరాంకుశరావు గారు మర్యాదస్తులు. ముప్పై ఏళ్లు భూములు రిజిస్టరు చేసి చేసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా హద్దులతో సహా చూస్తారు. ఆయన చెప్పినదాని సారాంశం ఏమిటంటే, అద్దెకు దండలు తెచ్చుకుని దొంగ పెళ్లి ఫొటోలు దిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఇకమీదట ఫొటోలు చెల్లవు. మాంగల్యధారణ దృశ్యం వీడియోగా ‘వివాహదర్పణం’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలి. అందులో మంగళవాద్య ఘోష స్పష్టంగా వినపడాలి. వినపడకపోతే అది పెళ్లో, నాటకం రిహార్సలో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? ఈ మాట నాకు ఎంతో నచ్చింది. ఇన్నాళ్లకు మా వృత్తి విలువ సర్కారుకి తెలిసిందని పేరయ్యతో అన్నాను కూడా.

అయితే ఇన్ని లక్షల పెళ్లిళ్లు దాచుకునే చోటు ప్రభుత్వానికి లేదట. అందుకని ఎవరైనా ఏ వీడియో అయినా ఊరికే పెట్టుకోగలిగే ఒక ప్రైవేటు వేదికలో వాటిని దాస్తున్నారు. ఆ వేదికకు ఒక యంత్రం కాపలా. పెట్టిన ప్రతి వీడియోనీ అది చెవొగ్గి వింటుంది. లోకంలో ఎవరెవరికి ఏయే పాట మీద హక్కుందో దానికి తెలుసు.

మా వీడియో పెట్టి, ఎదురుగా బండి దగ్గర టీ తాగి వచ్చేసరికి అది లేదు. దాని స్థానంలో ఎర్రక్షరాలున్నాయి. ఇందులోని శబ్దం గానగోమేధికం ఆడియో సంస్థవారి గట్టిమేళంతో నూటికి నూరుపాళ్లు సరిపోయిందట, అందువల్ల తొలగించారట. నేను రెండుసార్లు చదివాను. పరాంకుశరావు గారు మూడుసార్లు చదివి కళ్లజోడు సర్దుకున్నారు.

“చూడండి కోటిలింగం గారూ. రికార్డు ప్రకారము మీ కుమార్తె మెడలో పడినది మాంగల్యమే. దానికి నాకు అభ్యంతరము లేదు. అయితే అది అన్యుల ఆస్తి మీద పడినది. అన్యుల ఆస్తిలో జరిగిన నిర్మాణమును ఆక్రమణ అందురు. ఆక్రమణను నేను నమోదు చేయజాలను.”

వాయించింది నేనేనని మొత్తుకున్నాను. అయితే నా గట్టిమేళానికి లింకు డాక్యుమెంట్లు చూపించమన్నారు. ఎవరి దగ్గరనుంచి సంక్రమించిందో చెప్పమన్నారు. మా నాన్న దగ్గరనుంచి అన్నాను. వీలునామా ఉందా అన్నారు. పోనీ హద్దులైనా చెప్పమన్నారు. ఇక్కడ పేరయ్య కలగజేసుకుని తూర్పున మంత్రం, పడమర అక్షింతలు, దక్షిణాన వీడియోవాడి లైటు, ఉత్తరాన భోజనాల బంతి అని గడగడా చెప్పేశాడు. వెటకారమనుకుంటారేమోనని వాడి చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన నాలుగూ శ్రద్ధగా రాసుకుని, ఉత్తరం హద్దు మీద వివాదం రావచ్చునని అన్నారు.

రెండోరోజు పేరయ్య ఎగురుకుంటూ వచ్చాడు. ఆ వేదికలో ఇంకో సదుపాయం ఉందట. సంగీతం ఒక్కటే తీసేసి తక్కిన శబ్దాలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుందట. అప్పుడు ఎవరి ఆస్తీ ఉండదు కాబట్టి యంత్రం ఊరుకుంటుంది. మంగళవాద్యం మాటేమిటని అడిగితే, సన్నాయి మీద నా వేళ్లు కదలడం కనిపిస్తుంది కదా అన్నాడు. పరాంకుశరావు గారు చాలాసేపు ఆలోచించి, ఏదో ఒక మంగళధ్వని వినబడినచో పరిశీలింతుమన్నారు. ఇరుపక్షాల సాక్షులూ ఉండాలన్నారు కాబట్టి అల్లుడి మేనత్త సామ్రాజ్యం గారిని కూడా వెంటబెట్టుకెళ్లాం. శకునాల దగ్గర ఆవిడ మహా పట్టుదల మనిషి. మా సంబంధం మాట్లాడటానికి వస్తూ పిల్లి ఎదురైందని రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయారు.

ఆ తెర మీద నేను చూసిన పెళ్లి పగవాడికి కూడా వద్దు. పురోహితుడు చేయెత్తి గట్టిమేళం అన్నాడు. నేను బుగ్గలు పూరించి ఊదుతున్నాను, పేరయ్య డోలు చీలిపోయేటట్టు కొడుతున్నాడు, చప్పుడు మాత్రం లేదు. వేల ఏళ్లుగా మా తాతలు దేన్ని వినపడకుండా కాపాడుకుంటూ వచ్చారో అది మాత్రం అంతా వినపడుతోంది. వంటశాలలోంచి పప్పు అడుగంటిందిరోయ్ అని ఒక గొంతు. నా పంచె గురించి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. పెళ్లికూతురు కాస్త నలుపే సుమా అని ఎవరో ఆడమనిషి. సరిగ్గా మూడో ముడి దగ్గర, రాగిబిందె మెట్ల మీద దొర్లినట్టు ఒక తుమ్ము.

సామ్రాజ్యం గారు లేచి నిలబడి, ముహూర్తం వేళ ఆ తుమ్మిన అప్రాచ్యపు ముండ ఎవత్తో చెప్పమన్నారు. ఆఫీసు కంప్యూటరు దగ్గరి కుర్రాడు వీడియోను వెనక్కి తిప్పి ఆపాడు. తెర మీద సామ్రాజ్యం గారు చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. అది తుమ్ము కాదనీ, హోమం పొగకి అలా అయిందనీ చెప్పి ఆవిడ కూర్చున్నారు.

పరాంకుశరావు గారికి మాత్రం అది పెద్ద చిక్కయింది. శాశ్వత రికార్డులో మూడో ముడి దగ్గర వరుని పక్షంవారి తుమ్ము ఉంటే దాన్ని రాతమూలకమైన ఆక్షేపణతో సమానంగా చూడాలట. ఆక్షేపణ వేసినవారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చునట. అప్పటికప్పుడు కాగితం మీద, నా తుమ్మును నేను బేషరతుగా ఉపసంహరించుకుంటున్నానని సామ్రాజ్యం గారి చేత రాయించి సంతకం పెట్టించాం. ఆయన దాన్ని చదివి ఫైల్లో పెట్టి, ఉపసంహరణ ఇకమీదట తుమ్మబోయేవాటికే వర్తిస్తుందని చెప్పి, వీడియోను తిరస్కరించారు. అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. వాడు నోట్లో మాట లేని మనిషి. మేం కలిసి ఉన్నది తొమ్మిది రోజులే కదా మావయ్యా అని ఒక్క మాట అని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ మాటకి నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇక పట్నంలో గానగోమేధికం వారి కార్యాలయానికే వెళ్లాం. అక్కడ నిరంజన్ అనే హక్కుల పరిరక్షణాధికారి ఉన్నాడు. గదిలో చల్లదనమూ వాసనా కొత్త నగల కొట్టులోలాగా ఉన్నాయి. మాకు మంచినీళ్లిచ్చి, వారి గట్టిమేళం వినిపించాడు.

మొదటి ఊపిరికే నాకు తెలిసిపోయింది. అది నేనే. అనుమానముంటే చివరిదాకా వినండి, అక్కడ డోలు పట్టీ పుటుక్కున తెగుతుంది, ఓరి నీ తల్లి అని ఒక మాట వినపడుతుంది. ఆ మాట పేరయ్యది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఒక పెళ్లిలో ఎవరో టేపురికార్డరు పట్టుకొచ్చి, మా ఇద్దరికీ శాలువాలు కప్పి, మంచి భోజనం పెట్టించి, ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకాలు తీసుకున్నాడు. కాగితంలో ఏముందో నాకు గుర్తులేదు. భోజనంలో గోంగూర మాంసం ఉందని పేరయ్యకి గుర్తుంది.

నిరంజన్ ఆ కాగితం తెప్పించి చూపించి, తెలుగులో చదివి చెప్పాడు. ఆ గట్టిమేళం మీదా, దానిని పోలిన సమస్త గట్టిమేళాల మీదా, ఈ భూమండలమునందును, ఇకముందు మానవులు నివసింపబోవు ఇతర గ్రహములయందును సర్వహక్కులూ వారివే. కింద నా సంతకం గుండ్రంగా ముద్దుగా ఉంది. నామీద నాకే జాలేసింది.

“సార్, మీ ప్రతిభ మీద మా సంస్థకు అపారమైన గౌరవం ఉంది. అందుకే కదా కొనుక్కున్నాం. సమస్య అల్లా, మీరు ఇప్పటికీ మీలాగే వాయిస్తూ ఉండటం. అది మా హక్కులకు భంగకరం” అన్నాడతను.

ఇంకెవరిలాగా వాయించాలి బాబూ అని అడిగాను. లోకంలో ఎందరో ఉన్నారనీ, వారిలో ఎవరిలాగానైనా వాయించుకునే స్వేచ్ఛ నాకు ఉందనీ చాలా ఓపికగా చెప్పాడు. అలా కుదరకపోతే వారి దగ్గర ఇంకో ఉపాయం కూడా ఉందట. పెళ్లికి లైసెన్సు ఇస్తారు. ధ్రువపత్రంలో పెళ్లికొడుకు పేరు కింద ‘గానగోమేధికం వారి సౌజన్యంతో’ అని రాస్తే చాలు. లైసెన్సు ఒక సంవత్సరం చెల్లుతుంది. ఆ పైన ఏటేటా తిరగరాయించుకోవాలి.

పేరయ్యకి ఇది భేషుగ్గా తోచింది. వాడి కాపురం అటువంటిది. బయటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి అప్పుడు వార్డులో ఉంది. వెనక ఎవరో చంటిపిల్ల ఏడుపు వినపడుతోంది. అంతా వింది.

“ఏడాది తిరిగాక రాయించుకోవడం మర్చిపోతే నేనెవర్ని నాన్నా?” అంది.

లైసెన్సు వద్దని చెప్పి బస్సెక్కాను. బస్సులో ఊరు వచ్చేదాకా ఆ టేపురికార్డరువాణ్ణి తిట్టుకున్నాను. తరువాత నన్ను నేను తిట్టుకున్నాను. సంతకం పెట్టింది వాడు కాదు కదా.

పరాంకుశరావు గారు నా మొహం చూసి ఆఖరి మార్గం చెప్పారు. పదిహేడో తేదీన వధూవరులు తన కార్యాలయంలోనే మాంగల్యధారణ పునఃప్రదర్శన చేయవచ్చు. దాన్ని అప్పటికప్పుడే వీడియో తీసి వివాహదర్పణంలో పెడతారు. గట్టిమేళం తప్పనిసరి. అది ఎవరి గట్టిమేళంతోనూ సరిపోకూడదు. సీతాపతిని పిలుద్దామంటే, వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు, యంత్రం వాడిలోనూ నన్నే పట్టుకుంటుంది. చుట్టుపక్కల సన్నాయిలన్నీ మా ఇంట్లోంచి పోయినవే. కాబట్టి నేనే తప్పు వాయించాలి.

తప్పు వాయించడం ఎంత కష్టమో అంతవరకూ నాకు తెలియదు. ఎనిమిదో ఏట మా నాన్న తప్పుకొక మొట్టికాయ చొప్పున వేసి నేర్పించిన విద్య. యాభై తొమ్మిదో ఏట తలుపులు మూసుకుని దాన్ని ఒక్కొక్కటిగా చెడగొట్టుకోవడం మొదలుపెట్టాను. పేరయ్య ఫోన్లో ఆ యంత్రాన్ని పెట్టుకుని ఎదురుగా కూర్చుని, వారి గట్టిమేళంతో నూటికి ఎంత సరిపోయిందో మార్కులు చదివేవాడు. నలభైకి తక్కువైతే యంత్రం ఊరుకుంటుందట. మొదటిసారి తొంభై ఏడు. చేతులు కిందిది మీదికి మార్చి పట్టుకున్నాను, తొంభై ఒకటి. శ్రుతి వదిలేశాను, ఎనభై ఎనిమిది. సన్నాయి కొసకి పగిలిన పీక తొడిగి ఊదాను, అయినా ఎనభై నాలుగు.

“తప్పు వాయించినా నీలాగే తప్పు వాయిస్తున్నావు బావా” అన్నాడు పేరయ్య.

నాలుగోరోజున నోట్లో వక్క వేసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ, మనసులో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వసారాని తలుచుకుంటూ వాయించాను. ముప్పై ఎనిమిది వచ్చింది. పేరయ్య లేచి నన్ను కౌగిలించుకున్నాడు. పక్కింటివాళ్లు తలుపు కొట్టి గేదె ఈనుతోందా అని అడిగి వెళ్లారు. మాకు గేదె లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ముప్పై ఏళ్లలో మొదటిసారి, ఇక ఆపమని అడిగింది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి నేను ఆపాను.

పదిహేడో తేదీ పదకొండు గంటలకి రెండు స్థలాల రిజిస్ట్రేషన్ల మధ్య మా అమ్మాయి పెళ్లి రెండోసారి పెట్టారు. అమ్మాయి ఘాట్ దిగి నేరుగా బస్టాండు నుంచి వచ్చింది. మొహం కడుక్కుని పెళ్లిచీర చుట్టుకుంది. తాళి తీసి మళ్లీ కట్టకూడదని సామ్రాజ్యం గారు పట్టుబడితే, పక్కన పసుపుతాడు ఇంకొకటి కట్టేటట్టు ఒప్పందమైంది. ఆవిడ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కూర్చున్నారు. నిరంజన్ పలక లాంటి యంత్రం పట్టుకుని పట్నం నుంచి వచ్చాడు. స్థలాలు అమ్మేవాళ్లూ, కొనేవాళ్లూ, దస్తావేజులు రాసేవాళ్లూ గోడల వెంట నిలబడ్డారు. అందరినీ కలుపుకుంటే పాతిక మంది ఉంటారు.

పరాంకుశరావు గారు పురోహితుడి స్థానంలో కుర్చీ వేసుకున్నారు. అల్లుడు పసుపుతాడు అందుకున్నాడు. ఆయన చేయెత్తారు.

“మంగళవాద్య ఘోషకు ఇందుమూలముగా అనుమతి మంజూరు చేయడమైనది.”

వక్క నోట్లో ఉంది. చేతులు తారుమారుగా పట్టుకున్నాను. ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది అని పేరయ్య గొణుగుతున్నాడు. అప్పుడు అమ్మాయి మెడ వంచింది. పదకొండు గంటలు బస్సుల్లో కూర్చుని వచ్చిన మెడ. దాని మీద జడ పక్కకి తొలగించుకుంటూ నావంక ఒకసారి చూసింది.

వక్క ఎప్పుడు ఉమ్మేశానో, చేతులు ఎప్పుడు సర్దుకున్నాయో నాకు తెలియదు. మా నాన్న నేర్పిన గట్టిమేళం మొదటి ఊపిరినుంచి ఆఖరి ఊపిరిదాకా వాయించాను. పేరయ్య ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, ఆ తరువాత డోలు మీద పడ్డాడు. ఆఫీసు కిటికీ అద్దాలు మోగాయి. గోడల వెంట ఉన్న జనం అలవాటు కొద్దీ అక్షింతల కోసం చేతులు చాచారు. అక్షింతలు ఎక్కడివి? దస్తావేజులు రాసే వెంకటాచలం గారు కాగితాలకు కన్నాలు చేసే మిషను కింద డబ్బా ఊడదీశారు. ఏళ్లనాటి తెల్లకాగితపు చుక్కలు గుప్పెళ్లతో పిల్లల తలల మీద పడ్డాయి. స్థలం కొనడానికొచ్చిన ఆసామి ఒకడు కళ్లు మూసుకుని శతమానం భవతి అన్నాడు.

నేను సన్నాయి దించేసరికి తెర మీద ఎర్రక్షరాలున్నాయి. నూటికి నూరు. యంత్రం సగంలోనే వీడియోను కోసేసింది. నిరంజన్ తన పలక మీద ఏదో రాసుకుంటున్నాడు. రేపే కౌన్సెలింగ్. అక్కడే నేలమీద కూలబడ్డాను. నా చేతులారా చెడగొట్టానమ్మా, నన్ను క్షమించమని అమ్మాయితో అన్నాను. ఏడిచాను కూడా, దాచుకోవడమెందుకు.

అమ్మాయి నా పక్కన కూర్చుని జుట్టులోంచి కాగితపు చుక్కలు దులుపుకుంది.

“పేరయ్య మావయ్య ఫోన్లో పంపించాడు, ఆ ముప్పై ఎనిమిది విన్నాను. దానికి నేను మెడ వంచేదాన్ని కాదు నాన్నా” అంది.

ఈలోగా పరాంకుశరావు గారు పెద్ద పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టారు. సంతకాలు పెట్టడానికి రమ్మని మమ్మల్ని పిలిచారు. నాకు అర్థంకాలేదు. ఆయన కళ్లజోడు మీదినుంచి చూసి నిదానంగా వివరించారు. వీడియో మూడు పర్యాయములు తిరస్కరింపబడినచో, అధికారి స్వయముగా చూచిన వివాహమును వీడియో లేకయే నమోదు చేయవచ్చునని తొమ్మిదో నిబంధన ఉందట. మొదటిది ఆక్రమణ, రెండోది తుమ్ము, ఇవాళ్టిది మూడోది.

ఈ సంగతి మొదటిరోజే చెప్పొచ్చు కదండీ అన్నాను. మొదటిరోజున నాకు ఒక్క తిరస్కారమే ఉందని ఆయన గుర్తుచేశారు. పోనీ ఇవాళ నేను తప్పు వాయించి, యంత్రం ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆమోదం పొందిన వీడియో పై కార్యాలయంలో పరిశీలనకు వెళుతుంది, దానికి నలభై అయిదు రోజులు పడుతుంది, తిరస్కారమైతే ఇక్కడికిక్కడే తేలుతుంది అన్నారు. సంతకం చేసి, ముద్ర వేసి, ధ్రువపత్రాన్ని అమ్మాయి చేతిలో పెట్టారు. పెట్టి, గట్టిమేళం బాగున్నదని ఫైలు వంక చూస్తూ అన్నారు.

మర్నాడు కౌన్సెలింగ్‌లో అమ్మాయికి మా ఊరి ఆసుపత్రే వచ్చింది. ఇప్పుడు మొగుడూ పెళ్లాం మా వీధి చివర అద్దె ఇంట్లో ఉంటున్నారు. పప్పులో ఉప్పు గురించి రోజూ పోట్లాడుకుంటారని తులసమ్మ సంతోషంగా చెబుతూ ఉంటుంది.

గానగోమేధికం వారు మాత్రం ఊరుకోలేదు. వీడియో లేదు కాబట్టి దాన్ని తొలగించడం వారికి వీలుపడలేదు. కానీ తమ గట్టిమేళం అనుమతి లేకుండా పాతిక మంది జ్ఞాపకాల్లో నిల్వ ఉన్నదని నిరంజన్ పలకలో రాసుకున్నాడు కదా. వారంలోగా అందరికీ రిజిస్టరు పోస్టులో నోటీసులొచ్చాయి. పదిహేడో తేదీన తాము విన్నదానిని ఏడు దినములలోగా మరచిపోయి, మరచిపోయినట్లు ధ్రువీకరిస్తూ జవాబు రాయాలి. స్థలం కొన్న ఆసామి మరిచిపోయానని రాసి, ఏం మరిచిపోయానో ఒకసారి గుర్తుచేయమని వారినే అడిగాడట. సామ్రాజ్యం గారు తన చెవులకి ఆ రోజు జలుబు చేసిందని రాయించారు. పరాంకుశరావు గారు తన జ్ఞాపకం ప్రభుత్వ ఆస్తి అనీ, అన్యాక్రాంతం చేయడానికి వీల్లేదనీ జవాబిచ్చారు. అమ్మాయి తన నోటీసుని మడిచి పప్పు డబ్బా కింద వేసింది.

నాకొచ్చిన నోటీసు అన్నిటికన్నా పెద్దది. విన్నవాణ్ణే కాక వాయించినవాణ్ణి కూడా కాబట్టి, ఆ గట్టిమేళాన్ని నేను చెవులతోనూ, వేళ్లతోనూ, ఊపిరితోనూ విడివిడిగా మరిచిపోవాలట. మూడురోజులు ఆలోచించి, పేరయ్య చేత చక్కగా జవాబు రాయించాను. అయ్యా, తమ ఆజ్ఞ శిరసావహిస్తున్నాను. మరిచిపోవడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నాను. కాకపోతే వయసు మీదపడినవాణ్ణి, ఏం మరిచిపోవాలో తెల్లారేసరికి మరిచిపోతున్నాను. అందుచేత రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఒకసారి వాయించి, మరిచిపోవలసింది ఇదేనని రూఢి చేసుకుంటున్నాను.